చీకటి గదిలో పగటి కథ

పోయిన వారం మిమ్మల్ని గవర్నర్‌పేటలో ఆ ఇరుకు మెట్ల మీదే నిలబెట్టి వెళ్ళిపోయాను. మోకాళ్ళు నావి, ఆయాసం మీది. రండి, ఎలాగో పైకి వచ్చేశాం.

కొత్తగా వచ్చినవాళ్ళు ఉంటారు కాబట్టి ఎక్కడున్నామో ఒక్క మాట చెప్పుకుందాం. నా కూతురు జుబియాకి ఒక్కతే కూతురు, ఇఫ్రా. చిన్నప్పుడు నేను దానికి చెప్పిన నీటి దొర కథను అది ఇప్పుడు జపాను వాళ్ళ పద్ధతిలో బొమ్మల కథగా గీస్తోంది. మాంగా అంటారు దాన్ని. పేరు ‘నీటి వాకిలి’. ఎక్కడెక్కడి పిల్లలో ఫోనుల్లో చదివి, ఆ దొర కోసం గుండెలు బాదుకుంటున్నారు. ఆ గోల చూసి గంగాప్రసాద్ గారనే ఆయన దాన్ని కదిలే బొమ్మలుగా తీస్తున్నారు. అది యానిమే. అయితే కదిలే బొమ్మలు పరుగెత్తి పరుగెత్తి, ఇఫ్రా గీసిన బొమ్మల్ని దాటిపోయాయి. మా కథలో పిల్ల నూరీ. నీటి దొరను ప్రేమించి, రేవుకొచ్చి, పడవలో కాలు పెట్టబోతోంది. కథ అక్కడ ఆగిపోయింది. ఎందుకంటే నేను ఎప్పుడు చెప్పినా అక్కడికొచ్చేసరికి ఇఫ్రా నిద్రపోయేది. ఆ తర్వాతది దానికి తెలియదు.

ఆ తర్వాతది ఈ రోజు నేను చెప్పాలి. నా గొంతుతోనే, మైకులో. చెప్పకపోతే గంగాప్రసాద్ గారు తనకు తోచిన ముగింపు పెట్టేస్తారు. ఇక మీద ఇఫ్రా కూడా ఆయన ముగింపుకి తగ్గట్టే గీయాలి. అలా రాసిన కాగితం మీద సంతకం చేసేసింది, పిచ్చి పిల్ల. ఇన్నేళ్ళ దాని కష్టం వేరేవాళ్ళ కథైపోతుంది.

చెప్పడానికి నాకేం అడ్డం? ఒక్కటే. పగలు.

మా ఇళ్ళల్లో పగటిపూట కథ చెప్పరు. చెబితే విన్న పిల్లల మేనమామ దారి తప్పుతాడని మాట. మా అత్తగారు బందరులో అద్దకం బల్ల ముందు కూర్చుని, మోచేతుల దాకా రంగుతో ఉంటే, పిల్లలు వెనక చేరి కథ చెప్పమని కొంగు లాగేవాళ్ళు. “మీ మామూ ఇల్లు చేరడం మీకు ఇష్టం లేదా?” అనేది ఆవిడ, తల తిప్పకుండానే. అంతే, పిల్లలు గప్‌చుప్. రాత్రి నమాజు అయ్యి, పళ్ళేలు కడిగి బోర్లించాకే కథ. మేనమామ ఎందుకు తప్పుతాడు, ఎవరు తప్పిస్తారు అని మేమెవరం అడగలేదు. ఉప్పు చేతికివ్వకూడదంటే అడిగామా? అలాగే ఇదీ.

ఇఫ్రాకి ఉన్నది ఒక్క మామూ. నా కొడుకు కరిముల్లా. ఆటోనగర్‌లో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు వాడిది. ఆ పొద్దున ఉయ్యూరు వైపు చెరకు తోలే ట్రాక్టరొకటి రోడ్డు మధ్యలో కూలబడిందని ఫోనొస్తే, జీపులో సామాను పడేసుకుని వెళ్ళాడు. బందరు రోడ్డు. వాడు లాగు వేసుకునే రోజుల నుంచీ తిరిగిన రోడ్డు.

సరే, లోపలికి వెళ్దాం.

గంగాప్రసాద్ గారి రికార్డింగు గది ఉన్న ఆ మేడ ఒకప్పుడు లాడ్జి. మా ఆయన దాదాపీర్ గారు, అల్లా ఆయన్ని చల్లగా చూడాలి, కింద వరండాలో కుట్టుమిషను పెట్టుకున్న రోజుల్లో ఇక్కడ పెళ్ళివాళ్ళు దిగేవాళ్ళు. పిల్లలు పైనుంచి బూందీ విసిరితే ఈయన టోపీలో పడేది. ఇంటికొచ్చి టోపీ దులిపితే చీమలు. ఇప్పుడు కింద మందుల హోల్‌సేలు. పైన గోడలన్నిటికీ గుడ్ల అట్టల్లాంటి నల్లటి స్పంజి అంటించారు. కిటికీ ఉండాల్సిన చోట కూడా స్పంజే. తలుపు మూయగానే వీధిలో ఆటోల మోత తెగిపోయింది. ఎవరో వెనకగా వచ్చి రెండు చేతులతో చెవులు మూసినట్టు.

మైకుల దగ్గర కూర్చునే అమ్మాయి పేరు రూతు. చురుకైన పిల్ల.

“మామ్మగారూ, మీ బొడ్లో తాళాలు గలగలమంటున్నాయండి. తీసి ఇటివ్వండి.”

“బీరువా తాళాలమ్మా. పడేశావంటే నీ ఇంటికొచ్చి కూర్చుంటా.”

“రండి, మా అమ్మకి తోడుగా ఉంటారు.”

ఎదురుగా గోడంత తెర. దాని మీద నూరీ. ఒక కాలు గట్టు మీద, ఒక కాలు గాలిలో. జుట్టు కదులుతోంది, ఓణీ కదులుతోంది, మనిషి మాత్రం కదలడం లేదు.

“పాపం, ఎంతసేపటి నుంచి కాలెత్తుకుని నిలబడిందయ్యా?”

“మీరు నోరు విప్పేదాకా అంతేనండీ మామ్మగారూ,” అన్నారు గంగాప్రసాద్ గారు. కైకలూరు వైపు మనిషి. చేపల చెరువులు వదిలేసి బొమ్మల్లో పడ్డారు. “మనిషిని కదపకుండా జుట్టొక్కటీ కదిపితే మాకు పని తగ్గుతుందండీ. చూసేవాళ్ళు దాన్ని బాధ అనుకుంటారు.”

ఆయన చెడ్డ మనిషేం కాదు. కాకపోతే మొదటిసారి ఇఫ్రా పుస్తకం చేతికిస్తే ఎడమవైపు నుంచి తెరిచి, “చచ్చిపోయినవాడు లేచి టీ తాగుతున్నాడేంటమ్మా?” అన్నారట. ఈ పుస్తకాలు కుడినుంచి ఎడమకి చదవాలి. నేను బడికి వెళ్ళింది తక్కువే గానీ ఖురాను కుడినుంచి నేర్చుకున్నదాన్ని. నాకు ఆ చిక్కు రాలేదు. నాకొచ్చిన అనుమానాలు వేరే. దొర కనపడినప్పుడల్లా వెనక పూలు రాలుతాయేం? ఎవరు చల్లుతున్నారు? “ఆ అమ్మాయి మనసులో పూసినవి నానీ, బయటివి కావు,” అంటుంది ఇఫ్రా. ఎవరైనా నిజం దాస్తుంటే వాళ్ళ కళ్ళ మీద జుట్టు నీడ పడుతుంది. ఎవరూ మాట్లాడకపోతే ఆ మౌనాన్ని కూడా పెద్దక్షరాలతో రాసి పెడతారు. కొన్నాళ్ళకి నాకూ అలవాటైంది. అది కూడా ఒక మర్యాదే కదా, మన పెళ్ళిళ్ళలో ఏది ముందు ఏది వెనక అని ఉన్నట్టు.

ఆ రోజు మాత్రం నా చూపు నూరీ వెనకున్న పడవవాడి మీద పడింది. ముక్కుంది, నోరుంది.

“వాడికి కళ్ళు గియ్యలేదేమే?”

“కథలో పనిలేని మనుషులకి కళ్ళు గియ్యరు నానీ. దారినపోయేవాళ్ళు, కొట్టువాళ్ళు… వాళ్ళకి అంతే. పద్ధతి.”

“పడవవాడికి పనిలేదని నీకెవరు చెప్పారు?”

ఇఫ్రా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

“గంగాప్రసాద్ గారూ,” అన్నాను. “చీకటి పడనివ్వండి. రాత్రి నమాజు అయ్యాక మొత్తం చెబుతా. ఒక్క మాట దాచను.”

“సాయంత్రానికి పంపాలండీ. పంపకపోతే నా దగ్గరున్నదే వెళ్తుంది. అది బాగానే ఉందిలెండి. దొర ఏడుస్తాడు. కన్నీటిబొట్టు నీళ్ళలో పడుతుంది. శాపం పోతుంది, మనిషైపోతాడు. పూలు, పాట, పెళ్ళి.”

“అందరి కథల్లోనూ అదే కదా సార్,” అంది ఇఫ్రా.

“అందరి కథల్లో ఉంది కాబట్టే జనం అడుగుతారమ్మా. పోపు లేకుండా పులిహోర పెడితే తింటారా?”

“మా నానీ ముగింపు వేరే ఉంది సార్. వేరే ఉందని నాకు తెలుసు. ఒక్కసారి విననివ్వండి.” నా వైపు తిరిగింది. “నానీ, నువ్వు చెప్పకపోతే రేపటి నుంచి నేను ఆ కన్నీటిబొట్టు గియ్యాలి. నా చేత్తో.”

“మీ మామూ రోడ్డు మీదున్నాడే.”

“ఈ మేనమామ సంగతి మా వాళ్ళల్లో వినలేదండి,” అంది రూతు. “ఇంతకీ ఆయన వెళ్ళేటప్పుడు ఏం చెప్పి వెళ్ళారు?”

“ఏముంది తల్లీ. సాయంత్రానికి వచ్చేస్తానమ్మీ, కొరమీను పులుసు పెట్టి ఉంచు అన్నాడు. ఈ ఒక్క పనీ అయితే ఇక రోడ్ల మీద తిరగను, షెడ్డులోనే కూర్చుంటానన్నాడు.”

రూతు, ఇఫ్రా ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. రూతు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఏంటే అది?”

“ఏం లేదు నానీ.”

“ఏం లేకపోవడం ఏంటి? చెప్పు.”

“జెండా ఎత్తేశారండి మీ అబ్బాయి!” అని రూతు నవ్వేసింది. “యానిమేలో ఎవడైనా ఇదే ఆఖరి పని, ఇంటికెళ్ళి ఫలానా కూర తింటా అన్నాడంటే వాడు అయిపోయాడనే అర్థం. చూసేవాళ్ళం అదిగో జెండా అని అరుస్తాం.”

“రూతూ!” అంది ఇఫ్రా.

“సరదాకండి మామ్మగారూ, సారీ.”

సరదాకే అంది, నాకు తెలుసు. కానీ ఆ ఏసీ గదిలో నా వీపు మీద ఎవరో తడిగుడ్డ వేసినట్టైంది. కరిముల్లాకి ఫోను చెయ్యమన్నాను. మోగింది, ఎత్తలేదు. “చేతులకి గ్రీజుంటుంది నానీ, మామూ ఎప్పుడు ఎత్తాడు?” అంది ఇఫ్రా. అదీ నిజమే.

అప్పుడు గంగాప్రసాద్ గారు ఒక ఉపాయం చెప్పారు.

“మామ్మగారూ, ఈ గదిలో పగలెక్కడుందండీ? కిటికీ లేదు. ఎండ లేదు. లైట్లు తీసేస్తే మీ కళ్ళకి మీ చెయ్యే కనపడదు. మీకు కావాల్సింది చీకటే కదా. చీకటి నేనిస్తాను.”

ఇప్పుడు మీరు నన్ను తిడతారు. తిట్టండి. కానీ మా అత్తగారు చెప్పిందాన్ని నేను మనసులో తిప్పి తిప్పి చూశాను. పగటిపూట అంది. పగలంటే వెలుతురే కదా. వెలుతురు లేనిచోట పగలు ఎలా ఉంటుంది? ఇంట్లో ఉంటే మసీదు నుంచి అజా వినపడేది, పొద్దు ఎక్కడుందో ఒళ్ళే చెప్పేది. ఆ స్పంజి గోడల మధ్య నాకు ఏదీ వినపడలేదు. ఎదురుగా పిల్ల కళ్ళనిండా నీళ్ళు.

“తీసెయ్యండి,” అన్నాను.

ముందు తెర ఆరిపోయింది. తర్వాత లైట్లు. ఇఫ్రా, రూతు, గంగాప్రసాద్ గారు గాజు తలుపు అవతలికి వెళ్ళారు. ఒక్కదాన్నే మిగిలాను. మైకు నా పెదాల దగ్గర ఇనప వాసన వేస్తోంది.

బిస్మిల్లా అనుకుని మొదలుపెట్టాను.

మీరు ఇంతకు ముందు భాగాల్లో విన్నదంతా మళ్ళీ చెప్పను. వానలు లేక కాలువలు ఎండిపోవడం, నీళ్ళు వదలాలంటే ఇష్టపడి వచ్చే పెళ్ళికూతురు కావాలని నీటి దొర అడగడం, తెల్లవారుజామున నీళ్ళ కోసం వెళ్ళిన నూరీ అతన్ని చూడటం, ఇద్దరికీ మనసు కలవడం, అది మీకు తెలుసు. రేవు దగ్గర నుంచి చెబుతా, వినండి.

నూరీ కాలెత్తింది. పడవవాడు తెడ్డు అడ్డం పెట్టాడు. “ఆగు,” అన్నాడు. “నీ దొర నీకోసం ఒడ్డుకు వస్తానంటున్నాడు. మనిషిలా బతుకుతానంటున్నాడు. కానీ అతని గద్దె ఖాళీగా ఉండకూడదు. ఒడ్డు మీదికి ఒకరు రావాలంటే, ఒడ్డు మీదివాళ్ళు ఒకరు నీళ్ళలోకి వెళ్ళాలి. పడవ ఖాళీగా వెనక్కి పోదు.”

నూరీ వెనక ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఇంటి దగ్గర్నుంచి దాని చెప్పులు చేత్తో పట్టుకుని, బురదలో జారుతూ, తనలో తను పాడుకుంటూ వచ్చినవాడు. దాని అన్న. వాడిని ఎవరూ లెక్కపెట్టరు. నవ్వించడానికే పుట్టాడనుకుంటారు.

గాజు అవతల ఇఫ్రా ఉలిక్కిపడే ఉంటుంది. దానికి ఆ అన్న తెలుసు. బొమ్మల్లో వాడిని పొట్టిగా, తల పెద్దగా గీసింది. దొర, నూరీ ఒకర్నొకరు చూసుకుంటుంటే మధ్యలో తుమ్మేది వాడే. నూనె మరకల చొక్కా, జేబులో పానా. ముఖం మాత్రం అచ్చం కరిముల్లాదే. మొదటి భాగం వచ్చినప్పుడు వాడు షెడ్డులో అందరికీ చూపించుకున్నాడు, “నేనేరా ఇది, నేనే!” అని.

కథలో అన్న చెప్పులు గట్టు మీద పెట్టాడు. “నీ పెళ్ళిలో నాకెలాగూ పనిచెప్పరు,” అన్నాడు చెల్లెలితో. “లోపల చల్లగా ఉంటుందట. నేను వెళ్ళొస్తా.” పడవ వైపు నడిచాడు. నూరీ అరుస్తోంది. దొర ఒడ్డెక్కుతున్నాడు. వెనక పూలు రాలుతున్నాయో లేదో నాకు తెలియదు. అన్న కాలెత్తాడు…

బయటి తలుపు భళ్ళున తెరుచుకుంది.

వరండా కిటికీలోంచి ఎండ వచ్చి నా ఒళ్ళో పడింది. తెల్లటి ఎండ, పట్టపగటి ఎండ. ఆ ఎండలో ఇఫ్రా, చేతిలో ఫోను.

“నానీ, మామూ.”

స్పీకరు పెట్టింది.

“అమ్మీ, కంగారు పడకు,” అన్నాడు కరిముల్లా. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ నవ్వు కింద ఏదో ఉంది. “దారి తప్పాను.”

“ఎక్కడ?”

“అదే తెలియట్లా. ఉయ్యూరులో పని చేసుకుని బయల్దేరా. చెరకు ఫ్యాక్టరీ పొగ కుడిపక్క కనపడింది. కంకిపాడు రావాలి కదా, రాలా. కొంచెం ముందుకెళ్తే మళ్ళీ అదే పొగ, ఈసారి ఎడంపక్క. ఎవర్నన్నా అడుగుదామంటే రోడ్డు మీద మనిషి లేడు. బందరు రోడ్డు మీద మనిషి లేకపోవడం ఏంటమ్మీ, పట్టపగలు? బస్సు లేదు, లారీ లేదు, చెరకు బండి లేదు.”

“ఇప్పుడెక్కడున్నావురా?”

“కరకట్ట దిగి ఏదో రేవుకొచ్చా. జీపు ఇక కదలనంటోంది. ఇక్కడొక పడవుంది. పడవతను అటు దాటిస్తానంటున్నాడు, అటునుంచి ఊరు దగ్గరంట. దాటి వచ్చేస్తా. పులుసు పెట్టావా?”

ఇఫ్రా ఫోను నా నోటి దగ్గర పెట్టింది.

“మనిషి ఎలా ఉన్నాడు?” అని అడిగాను.

“ఎవరు, పడవతనా? మామూలుగానే ఉన్నాడు. తలపాగా కిందకి లాగేసుకున్నాడు. కళ్ళు కనపడట్లా.”

అప్పుడు తెలిసింది నాకు, నా ఇన్నేళ్ళ బతుకులో మొదటిసారి. పగలు కథ చెబితే మేనమామ దారి తప్పుతాడన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో. నూరీకి పిల్లలు పుట్టి ఉంటారు. ఆ పిల్లలకి ఒక మామూ ఉండాలి కదా. ఇంటికి రాని మామూ. దారి తప్పిన మొదటి మేనమామ వాడే. మా అత్తగారు పిల్లల్ని బెదిరించడానికి ఆ మాట అనలేదు.

“పడవెక్కకు!” అని అరిచాను. “నా మీద ఒట్టు, గట్టు మీదే ఉండు. ఫోను పెట్టెయ్యకు.”

“ఏమైందమ్మీ?”

“ఉండమన్నానా లేదా?”

“ఉన్నా, ఉన్నా.”

ఇఫ్రా వెనకే రూతుతో లోపలికొచ్చిన గంగాప్రసాద్ గారు ముఖం తుడుచుకున్నారు. “అమ్మా, ఏదో కాకతాళీయం. చెరకు తోటల్లో అడ్డదారి పట్టి ఉంటారు. ఒక్క వాక్యం మిగిలింది. పడవెక్కాడు అనెయ్యండి, అయిపోతుంది. అద్భుతంగా ఉందండీ ముగింపు. నేను ఇదే పెడతాను. మీ మనవరాలి కథ మీ మనవరాలిదే.”

“ఆ మాట నేను అంటే వాడు ఎక్కుతాడు బాబూ.”



“అయితే ఆపెయ్ నానీ,” అంది ఇఫ్రా. “ఇక చెప్పకు. కన్నీటిబొట్టే గీస్తాను. ఎన్నిసార్లు గియ్యమంటే అన్నిసార్లు గీస్తాను. నాకీ కథ వద్దు, మామూ కావాలి.”

“ఆపితే వాడు కాలెత్తి అక్కడే ఉండిపోతాడే. కథ కదిలితేనే వాడు కదులుతాడు.”

“మరి ఎలా?”

“మార్చాలి.”

నేను ఈ కథలో ఒక్క అక్షరం ఎప్పుడూ మార్చలేదు. మా అత్తగారు తుమ్మిన చోట తుమ్మేదాన్ని. మారిస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు, మార్చినవాళ్ళు లేరు కాబట్టి. ఫోను మైకు పక్కన పెట్టమన్నాను. తలుపు వెయ్యబోతే వద్దన్నాను. ఇక ఎవరిని మోసం చెయ్యడానికి ఆ చీకటి? ఎండలోనే కూర్చుని చెప్పాను.

“అన్న కాలెత్తాడు. గాలిలో ఉన్న కాలు వెనక్కి తీసుకున్నాడు. వాళ్ళమ్మ పిలిచినట్టనిపించింది. వెనక్కి తిరిగాడు. ఎదురుగా కరకట్ట, కరకట్ట మీద రోడ్డు, రోడ్డు మీద జనం…”

ఫోనులో గాలి చప్పుడు. నీళ్ళు గట్టుకు కొట్టుకుంటున్న చప్పుడు. తర్వాత, దూరంగా, లారీ హారను.

“అమ్మీ!” అన్నాడు కరిముల్లా. “అదిగో రోడ్డు! ఇంతసేపు ఎక్కడికి పోయిందో ఏమో, ఇక్కడే ఉంది. ఆర్టీసీ బస్సు పోతోంది. జనం ఉన్నారు. కట్ట మీద ఒకాయన గేదెల్ని తోలుకెళ్తున్నాడు, ఏంటయ్యా అలా నిలబడ్డావని అరుస్తున్నాడు. నవ్వొస్తోంది నాకు.”

రూతు శిలువ గుర్తు వేసుకుని స్తోత్రం, స్తోత్రం అంది. గంగాప్రసాద్ గారు ఉన్నచోటే నేల మీద కూలబడ్డారు. నేను అల్‌హమ్దులిల్లా అనుకుని ఇఫ్రా తల నా పొట్టకి ఆనించుకున్నాను. చిన్నపిల్లలా ఏడుస్తోంది.

“నడువు,” అన్నాను ఫోనులో. “జీపు పోతే పోనీ. ఆ గేదెల మనిషి వెంట నడువు.”

“వస్తున్నా. ఒక్క నిమిషమమ్మీ, పడవతను ఏదో అంటున్నాడు.”

“వినకు.”

“కోపంగా లేడులే. మర్యాదగానే మాట్లాడుతున్నాడు.” వాడి గొంతు దూరమైంది, అటు ఎవరినో అడుగుతున్నాడు. “ఏంటండీ? ఆఁ? ఎవరు?” మళ్ళీ దగ్గరైంది. “నువ్వు వద్దులే, వెళ్ళు అంటున్నాడు. పడవ ఖాళీగా వెనక్కి పోదట. అమ్మాయి కోసం చూస్తున్నాడట. ఏ అమ్మాయండీ అంటే…”

ఫోనులో నీళ్ళు గట్టుకు కొట్టుకున్నాయి.

“అమ్మీ, ఇతనికి మన ఇఫ్రా పేరు ఎలా తెలుసు?”

నా పొట్టకి ఆనుకున్న తల పైకి లేచింది. ఇఫ్రా ఏడుపు ఆగిపోయింది. ఎంత మెల్లగా చెప్పిందంటే, ఆనుకుని ఉన్న నాకు తప్ప ఎవరికీ వినపడి ఉండదు.

“నూరీ ముఖం ఎవరిదో నువ్వెప్పుడూ అడగలేదు నానీ. అద్దం ముందు కూర్చుని, నన్ను చూసుకునే గీశాను.”

అన్నను వెనక్కి తిప్పాను గానీ, పడవలోకి ఎవర్ని పంపానో చూసుకోలేదు నేను. ఒడ్డు మీద మిగిలింది నూరీ ఒక్కతే కదా.

ఇఫ్రా ఫోను అందుకుంది.

“మామూ, నువ్వు రోడ్డెక్కు. వెనక్కి చూడకు. ఆయనతో ఒక్క మాట చెప్పి వచ్చెయ్.”

“ఏం చెప్పాలే?”

“కాసేపు ఆగమని.”

దాని చెయ్యి గబుక్కున పట్టుకున్నాను. ఆ పొడి గదిలో, ఆ ఎండలో, నా మనవరాలి చెయ్యి మోచేతి దాకా తడిసి ఉంది. చల్లటి కాలువ నీళ్ళు వేళ్ళ చివరల నుంచి నేల మీదికి కారుతున్నాయి. అది మాత్రం ఆ సంగతి గమనించనే లేదు, చెప్పుల కోసం వెతుక్కుంటోంది.